పాలినాలజీ: ఒక దిద్దుబాటు

ముప్పై ఏళ్లు వృక్షశాస్త్రం బోధించి రిటైరయ్యాను. ‘పాలినాలజీ’ అంటే పుప్పొడి శాస్త్రమనీ, లాటిన్ ‘పోలెన్’ నుంచే ఆ మాట పుట్టిందనీ క్లాసులో ధీమాగా చెప్పేవాణ్ణి. తప్పు చెప్పాను.

పుప్పొడితో పాటు ఫెర్న్ వంటి మొక్కల సిద్ధబీజాలూ, అవి గాలిలో వ్యాపించే తీరూ ఈ శాస్త్రంలోకి రావాలి గదా! అందుకని 1944లో వేల్స్‌కు చెందిన హైడ్, విలియమ్స్ అనే ఇద్దరు, ‘చల్లు’ అనే అర్థమున్న గ్రీకు క్రియ ‘పలూనో’ నుంచి ఈ పేరు కల్పించారు. ‘పోలెన్’ దానికి తల్లి కాదు, చుట్టం. లాటిన్‌లో దాని అసలు అర్థం మెత్తని పిండి. మనవాళ్లు పూవు పొడిని పుప్పొడి అన్నారు. ఎక్కడైనా పేరు పెట్టేవాళ్ల చూపు వంటింటి మీదే కాబోలు!

నా పాత విద్యార్థులు కొందరు ఇప్పుడు అదే పాఠం చెబుతున్నారు. ఈ సంచిక వారి కంటబడితే ఆ ఒక్క వాక్యం దిద్దుకోవాలని మనవి.