ఉత్తరలో విత్తి సంక్రాంతికి తినే పంట: మా అనపకాయ చరిత్ర

ఎపిసోడ్ మొదలుపెట్టే ముందు ఒక పేరు గొడవ తీర్చేసుకుందాం. ఈ రోజు టాపిక్ అనపకాయ. ఆనపకాయ కాదు. గోదావరి జిల్లాల్లో, ఉత్తరాంధ్రలో ఆనపకాయ అంటే సొరకాయ. మా తలుపుల, కదిరి, హిందూపురం వైపు అనపకాయ అంటే చేలో పండే చిక్కుడు జాతి కాయ. దాని ఎండు గింజల్నే అనుములు అంటారు. బెంగళూరులో ఉద్యోగం చేసేటప్పుడు మా కాకినాడ రూమ్మేట్‌కి "రేయ్, అనపకాయలు తేరా" అని ఫోన్ చేస్తే చేయంత సొరకాయ పట్టుకొచ్చాడు. ఆ రాత్రికి సొరకాయ పప్పే.

సరే, విషయానికి వద్దాం. మాది వర్షచ్ఛాయ ప్రాంతం. అంటే నైరుతి మేఘాలు పడమటి కనుమల దగ్గరే కురిసేసి, మా దాకా వచ్చేసరికి ఖాళీ అయిపోతాయి. ఏడాది మొత్తం కలిపితే సగటున 550 మిల్లీమీటర్ల దగ్గర పడుతుంది. అది కూడా జూన్, జులైల్లో చినుకులు చల్లి, సెప్టెంబరు, అక్టోబరుల్లో గట్టిగా కురుస్తుంది. మా పెద్దోళ్లు మొదటిదాన్ని ముంగారి అంటారు, రెండోదాన్ని హింగారి అంటారు. ముంగారి ముఖం చాటేస్తే ఆ ఏటి బతుకంతా హింగారి మీదే.

అందుకే ఉత్తర కార్తె అంటే ఇక్కడ అంత టెన్షన్. సెప్టెంబరు 13 అటూ ఇటూగా మొదలవుతుంది. "ఉత్తర చూసి ఎత్తర గంప" అని సామెత విన్నారు కదా? ఉత్తరలో కూడా వాన పడకపోతే గంప నెత్తికెత్తుకుని ఊరు వదిలెయ్యి అని అర్థం. వినడానికి సరదాగా ఉంటుంది గానీ, అది వలస వెళ్లడానికి డేట్ ఫిక్స్ చేసిన మాట. ఇప్పుడు గంప బదులు బ్యాగు, కాలినడక బదులు బెంగళూరు బస్సు.

మరి ఉత్తరలో వాన పడిందే అనుకోండి. అప్పుడు ఏం విత్తాలి? వేరుశనగ అప్పటికి ఆలస్యం. జులై దాటేకొద్దీ దాని దిగుబడి పడిపోతుంది. ఇక్కడే మన హీరో ఎంట్రీ. అనప, ఉలవ లాంటివి ఆ ఆఖరి పదునులో వేసినా ఏదో ఒకటి చేతికిస్తాయి. సెప్టెంబరులో నేలలో పడిన గింజ తర్వాతి సంవత్సరం జనవరిలో, సంక్రాంతికి కూరవుతుంది.

ఇందులో విచిత్రం ఉంది. పాత రకం అనపని జులైలో వేరుశనగ మధ్య సాళ్లలో వేసినా, ఆగస్టు ఆఖరులో వేసినా, కాయలు మాత్రం దాదాపు ఒకే సీజన్లో, చలికాలంలోనే వస్తాయి. ఎట్లా? అది విత్తిన రోజు నుంచి లెక్కపెట్టుకోదు. రాత్రి పొడవు చూసుకుంటుంది. రాత్రులు పెరిగేకొద్దీ దానికి పూత సిగ్నల్ అందుతుంది. నా పాత ఉద్యోగం భాషలో చెప్పాలంటే అది టైమర్ కాదు, సెన్సార్. తలుపుల ఉండేది 14 డిగ్రీల అక్షాంశం దగ్గర. ఇక్కడ ఏడాదిలో అతి పెద్ద పగటికీ అతి చిన్న పగటికీ తేడా గంటన్నర పైన మాత్రమే. రోజుకు కొన్ని సెకన్లు జరిగే ఆ మార్పును మొక్క పట్టేస్తుంది. ఆలస్యంగా వేస్తే మొక్క చిన్నగా ఉంటుంది, కాయలూ తగ్గుతాయి, అది నిజమే. కానీ అసలు చేతికి రాకుండా పోదు.

మొక్కలు ఇట్లా రాత్రీ పగలూ కొలుస్తాయని శాస్త్రంగా రాసింది 1920లో. అమెరికా వ్యవసాయ శాఖలో గార్నర్, అలార్డ్ అనే ఇద్దరు పొగాకు, సోయా మొక్కల మీద ప్రయోగాలు చేసి తేల్చారు. మా రైతులకి ఆ థియరీ తెలియదు, ఫలితం తెలుసు. ఎన్నాళ్లుగా? బళ్ళారి దగ్గర సంగనకల్లులో నవీన శిలాయుగపు ఊరు బయటపడింది. ఆ కాలపు మట్టిని జల్లించి మాడిన గింజల్ని వెతికిన పరిశోధకులకి ఉలవలు, పెసలతో పాటు అనప గింజలు కూడా దొరికాయి. సుమారు 3,500 ఏళ్ల కిందటి మాట. మీరు బళ్ళారి ఎక్కడో అనుకోకండి, 1882లో విడిపోయేదాకా అనంతపురం కూడా బళ్ళారి జిల్లాలోదే. మా కదిరి తాలూకా మాత్రం అప్పుడు కడపలో ఉండేది, 1910లో అనంతపురంలో కలిపారు. 2022 నుంచి శ్రీ సత్యసాయి జిల్లా. జిల్లాల పేర్లు మారుతూనే ఉన్నాయి, చేలో గింజ అదే.

ఇంకో సంగతి. అనప పుట్టిల్లు ఇక్కడ కాదు, ఆఫ్రికా. రాగి, జొన్న, సజ్జ కూడా అక్కడివే. అంటే పక్కా రాయలసీమ భోజనం అని మనం గొప్పగా చెప్పుకునే రాగి సంకటి, అనపగింజల కూర పళ్లెం మొత్తం వేల ఏళ్ల కిందట సముద్రం దాటి వచ్చిందే. నాకైతే దీనివల్ల సంకటి మీద గౌరవం ఇంకా పెరిగింది.

కూర అన్నాను కాబట్టి పితికిపప్పు గురించి చెప్పకుండా ముందుకెళ్లలేను. పచ్చి గింజలు వలిచి, రాత్రంతా నానబెట్టి, పొద్దున వేళ్ల మధ్య పెట్టి నొక్కితే తోలు చేతిలో ఉండిపోయి పప్పు టపీమని దూకుతుంది. పితకడం వల్ల పితికిపప్పు. కన్నడలో ఇదే 'హితికిద బేళె'. పాత కన్నడంలో మాట మొదట్లో ఉన్న 'ప' కాలక్రమంలో 'హ' అయింది. పాలు హాలు అయినట్టు, పులి హులి అయినట్టు. బెంగళూరు వి.వి.పురంలో ఏటా చలికాలంలో ఈ కాయకి ఏకంగా మేళా పెడతారు, దోసె నుంచి జిలేబీ దాకా అన్నీ దీంతోనే. బెంగళూరు పేరే ఉడికిన గింజల నుంచి వచ్చిందనీ, వీరబల్లాలుడికి ఒక ముసలమ్మ పెట్టిందనీ ఒక కథ ఉంది. కథ బాగుంది, కానీ బల్లాలుడు 12వ శతాబ్దం వాడు. బేగూరు శాసనంలో 'బెంగళూరు' అనే పేరు అంతకు దాదాపు 300 ఏళ్ల ముందే, 890 ప్రాంతంలోనే ఉంది.

ఇప్పుడు చేదు భాగం. రెండో అవకాశం కూడా పోతే ఏమవుతుందో 1876 చూపించింది. ఆ ఏడు ముంగారీ తప్పింది, హింగారీ తప్పింది. ధాత నామ సంవత్సరం, అందుకే ధాత కరువు. మద్రాసు రాష్ట్రంలో బళ్ళారి, కడప, కర్నూలు జిల్లాలు ఘోరంగా దెబ్బతిన్నాయి. లక్షల మంది పోయారు. విత్తనం ఎంత తెలివైనదైనా మొలకెత్తడానికి ఒక్క పదునైనా కావాలి కదా.

తర్వాతి వందేళ్లలో చేను మారిపోయింది. చిరుధాన్యాలు, అనప, కంది, ఉలవ కలిపి చల్లే పొలాల్లోకి వేరుశనగ వచ్చింది. అది ఎక్కువగా డబ్బు పంట. ఒక దశలో ఉమ్మడి అనంతపురంలో 7 లక్షల హెక్టార్లు దాటి వేశారు. అనప దాని మధ్య సాళ్లకి కుదించుకుపోయింది. వేరుశనగ వేసినందుకు రైతుని తప్పుపట్టడం నాకు ఇష్టం లేదు, పిల్లల ఫీజులు కట్టింది అదే. కానీ చేనంతా జూన్, జులై వానల మీదే పందెం కాసిన పంట అయిపోయింది. ముంగారి తప్పిన ఏడు ప్రభుత్వమే 'ప్రత్యామ్నాయ పంటల విత్తనాలు' అని సబ్సిడీ మీద ఇస్తుంది. అంటే ఇంట్లో కుండలో ఉండాల్సిన ప్లాన్ బి కోసం ఇప్పుడు క్యూలో నిలబడుతున్నాం.

ఈ మధ్య కొత్త రకాలూ వచ్చాయి. బెంగళూరు వ్యవసాయ విశ్వవిద్యాలయం తెచ్చిన హెచ్‌ఏ-3, హెచ్‌ఏ-4 రాత్రి పొడవుని పట్టించుకోవు, ఎప్పుడు వేసినా పూస్తాయి. మార్కెట్‌కి ఏడాది పొడుగునా కాయ దొరుకుతుంది, మంచిదే. కానీ చలికాలం కాయ తోలు మీద ఉండే ఆ జిడ్డు, ఆ ఘాటు వాసన వేరే. నా ఓటు దానికే.

మీ ఇంటి వెనక జాగా ఉంటే, ఊరి నుంచి పాత విత్తనం గుప్పెడు తెప్పించుకుని ఉత్తరలో వేసి చూడండి. ఒక్కటే జాగ్రత్త, వీధి లైటు కింద మాత్రం వెయ్యకండి. రాత్రంతా వెలుగుంటే దానికి చలికాలం వచ్చిందని తెలియదు, పూత వెనకబడుతుంది.