ఓటరు జాబితాలో మన పేరు

ఈనాడు పెద్దలు, పేదలు ఒకే వరుసలో నిలబడి ఓటు వేస్తున్నారు. పూర్వం అట్లా లేదు. కర్నూలు, కడప జిల్లాలు మద్రాసు రాజధానిలో ఉన్న రోజుల్లో, 1935 చట్టం ప్రకారం ఆస్తి, పన్ను, చదువు వంటి అర్హతలను బట్టి ఓటు ఇచ్చేవారు. 1909 నుండి ముస్లింలకు ప్రత్యేక నియోజకవర్గాలు ఏర్పడినవి గాని, బీద కూలివానికి, అతని ఇల్లాలికి వాటివల్ల ఒరిగింది లేదు.

1950 జనవరి 26న రాజ్యాంగం అమలులోకి వచ్చింది. 325వ అధికరణం అన్ని మతాలవారికీ ఒకే జాబితా అన్నది. 326వ అధికరణం 21 ఏండ్లు నిండిన పౌరులందరికీ ఓటిచ్చింది. 1989లో ఆ వయస్సు 18కి తగ్గినది.

మొదటి జాబితాను సుకుమార్ సేన్ గారి ఆధ్వర్యంలో తయారుచేసినారు. అందులో 17 కోట్లకు పైగా పేర్లు చేరాయి. అయితే సుమారు 28 లక్షలమంది స్త్రీలు, ఎక్కువగా ఉత్తరాదివారు, సొంత పేరు చెప్పక "ఫలానావారి భార్య", "ఫలానావారి తల్లి" అని రాయించుకున్నందున జాబితాకు ఎక్కలేదు. పేరు సరిగా లేకపోతే హక్కు చేజారుతుందనడానికి ఇంతకన్నా సాక్ష్యం వేరే కావాలా?

1993లో ఫోటో గుర్తింపు కార్డు వచ్చింది. అయితే కార్డు చేతిలో ఉన్నంతమాత్రాన చాలదు, జాబితాలో పేరుండాలి. ఆధార్ కూడా మనిషెవరో చెప్పునే గాని పౌరసత్వాన్ని రుజువు చేయదు. 1995లో లాల్ బాబు హుస్సేన్ కేసులో సుప్రీంకోర్టు, పాత జాబితాలో ఉన్నవారిని తొలగించే ముందు వారి మాట వినాలని, వారు చూపే ఆధారాలన్నీ పరిశీలించాలని చెప్పినది. 2025లో బీహారు ముసాయిదా జాబితాలో సుమారు 65 లక్షల పేర్లు కనపడకపోతే, కారణాలతో సహా ఆ పేర్లను ప్రకటించమని అదే కోర్టు ఆదేశించినది.

మన ప్రాంతపు చిక్కు వేరు. ఇల్లు కదలకుండానే మన పెద్దలు 1952లో మద్రాసు రాష్ట్రంలో, 1953లో ఆంధ్ర రాష్ట్రంలో, 1956లో ఆంధ్రప్రదేశ్‌లో ఉన్నారు. కడప ఇంగ్లీషు స్పెల్లింగు 2005లో మారింది. 2022లో నంద్యాల వేరే జిల్లా అయింది. ఇక మన పేర్లు ఉర్దూ నుండి తెలుగుకు, తెలుగు నుండి ఇంగ్లీషుకు పోయేసరికి ఒక కాగితంలో షేక్, ఇంకొకదాంట్లో షైక్ అవుతాయి. ఒకచోట బీ అని ఉంటే, మరొకచోట బేగం అని ఉంటుంది. కరువుకు పనులకోసం వలసపోయినవారి పేరు "ఊళ్ళో లేరు" అని కొట్టివేసే ప్రమాదమూ ఉంది.

కావున ఏటా జాబితా చూసుకుందాం. పేరు లేకుంటే 6వ నంబరు ఫారం, తప్పుంటే 8వ నంబరు ఫారం ఇద్దాం. నోటీసు వస్తే భయపడి ఊరకుండక, గడువులోగా జవాబిద్దాం. బిడ్డ పుట్టగానే జననం నమోదు చేయిద్దాం. బడిలో వేసేటప్పుడు పేరు, తేదీ ఇంట్లో ఆలోచించి ఒకే తీరుగా రాయిద్దాం. ఉపాధ్యాయులమైన మేము రిజిస్టరులో అక్షరం పొల్లుపోకుండా రాయడం మా విధిగా భావిస్తాము. పాత పట్టాలు, టి.సి.లు, జాబితా నకళ్ళు భద్రంగా దాచుకోండి. అవి రేపు మన బిడ్డలకు పనికివస్తాయి.