నలభై గజాల పరుగు చెప్పని సంగతి

అమెరికన్ ఫుట్‌బాల్‌లో క్వార్టర్‌బ్యాక్ చేతికి బంతి అందాక, దాన్ని విసరడానికి అతనికి దొరికే సమయం ఇంచుమించు రెండున్నర సెకన్లు. ఆలోపే ఎదురుగా గోడలా నిలబడ్డ నూట నలభై కిలోల మనిషిని దాటి వెళ్లి అతన్ని పడగొట్టడం పాస్ రషర్ పని. అలా పడగొడితే దాన్ని శాక్ అంటారు. కాలేజీ జట్లలో ఈ పని చేసే కుర్రాళ్లలో వృత్తి ఆటకు ఎవరు నిలబడతారో తేల్చుకుని, డ్రాఫ్ట్‌లో వంతులవారీగా ఎంచుకోవడం ఎన్‌ఎఫ్‌ఎల్ జట్లకు 1936 నుంచి ఉన్న ఆచారం. ఆ చరిత్రంతా చూస్తే నాకు తోచేది ఇదీ: జట్లు దెబ్బతిన్నది కొలతలు లేకపోవడం వల్ల కాదు, కొలతలు తప్పడం వల్ల కూడా కాదు. తేలిగ్గా కొలవగలిగినదాన్నే కొలవాల్సిన విషయమని నమ్మడం వల్ల.

మొదట్లో కొలవడం మాట అటుంచి, చూడటమే లేదు. 1936లో ఫిలడెల్ఫియాలో ఒక హోటల్లో తొలి డ్రాఫ్ట్ జరిగినప్పుడు జట్ల దగ్గర ఆటగాళ్లను వెతికి అంచనా వేసే స్కౌట్లు లేరు. పత్రికల్లో వచ్చిన పేర్లు, తెలిసినవాళ్లు చెప్పిన కబుర్లు, అంతే. రామ్స్ జట్టు 1946లో ఎడ్డీ కోటల్‌ను పూర్తికాలపు స్కౌట్‌గా పెట్టుకుని ఊరూరా తిప్పడం అప్పటికి కొత్త. నల్లజాతి విద్యార్థుల కాలేజీల వైపు చాలా జట్లు కన్నెత్తి చూడని కాలమది. అదే రామ్స్ జట్టు 1961లో పద్నాలుగో రౌండు దాకా వచ్చాక డీకన్ జోన్స్‌ను తీసుకుంది. దక్షిణ కెరొలైనాలో పౌరహక్కుల నిరసనలో పాల్గొన్నందుకు స్కాలర్‌షిప్పు పోగొట్టుకుని, మిసిసిపీలో ఒక చిన్న కాలేజీకి మారినవాడు జోన్స్. స్కౌట్లు వేరే ఆటగాడి కోసం ఫిల్మ్ వేసుకుని చూస్తుంటే, బంతి పట్టుకుని పరిగెత్తేవాణ్ణి వెనక నుంచి తరిమి పట్టుకుంటున్న ఈ భారీ మనిషి కంటబడ్డాడని చెబుతారు. శాక్ అన్న మాటను వాడుకలోకి తెచ్చినవాడిగా ఆయన్నే చెప్పుకుంటారు. కానీ ఆయన ఆడినంత కాలం ఆటగాళ్ల పేరున శాకులను లీగ్ లెక్కపెట్టలేదు. ఆ లెక్క అధికారికంగా మొదలైంది 1982లో. అంటే ఈ ఆటలోకెల్లా గొప్ప పాస్ రషర్లలో ఒకణ్ణి పట్టిచ్చింది అంకె కాదు, రీలు మీద అతని ఆట.

తర్వాతి మలుపులో మన దేశస్థుడు ఒకరున్నారు. డల్లాస్ కౌబాయ్స్ జనరల్ మేనేజర్ టెక్స్ ష్రామ్ 1960 శీతాకాల ఒలింపిక్స్‌లో కంప్యూటర్ల పనితనం చూసి, ఆటగాళ్ల ఎంపికకు వాటిని వాడుకోవాలనుకున్నాడు. ఆ పనికి కుదిరిన గణాంక నిపుణుడు భారతదేశం నుంచి వెళ్లిన సలాం ఖురేషీ. ఆయనకు క్రికెట్ తెలుసు, ఫుట్‌బాల్ తెలియదు. కౌబాయ్స్ స్కౌటింగ్ చూసే గిల్ బ్రాండ్ట్‌కు ఫుట్‌బాల్ తెలుసు, కంప్యూటర్ తెలియదు. ఖురేషీకి ఎదురైన అసలు చిక్కు యంత్రంతో కాదు, మాటలతో. ఒక స్కౌట్ ‘చురుకు’ అంటే ఒకటి, మరో స్కౌట్ అంటే ఇంకొకటి. వందల కొద్దీ లక్షణాలను వడగట్టి చివరికి ఐదు మిగిల్చారు: శీలం, చురుకుదనంతో కూడిన శరీర నియంత్రణ, పోటీతత్వం, బుద్ధి చురుకు, బలంతో కూడిన విస్ఫోటం. ఈ ఐదింటిలో టేపు పెట్టి కొలవగలిగేది ఏది? మహా అయితే చివరిది. కంప్యూటర్ స్కౌట్ కన్నును పక్కన పెట్టిందని చాలామంది అనుకుంటారు గానీ, అది చేసింది ఆ కన్నును క్రమశిక్షణలో పెట్టడం. నన్నడిగితే ఈ వృత్తిలో జరిగిన అతి తెలివైన పని అదే.

ఆ తెలివి ఎక్కువ కాలం నిలవలేదు. 1978లో నిబంధనలు మారాయి. అడ్డుకునే ఆటగాళ్లు చేతులు చాచి, అరచేతులతో నెట్టవచ్చన్నారు. పాస్ ఆట విప్పారింది, దాంతో పాస్ రషర్ విలువ పెరిగింది. 1981లో జెయింట్స్ రెండో ఎంపికగా తీసుకున్న లారెన్స్ టేలర్ ఆటను ఆపడానికి ప్రత్యర్థులు తమ వరసల్నే మార్చుకోవాల్సి వచ్చింది. ప్రతి జట్టుకూ ఒక టేలర్ కావాలి. ఆ వేటకు చేతికందిన సాధనం కంబైన్. ఇండియానాపొలిస్‌లో 1987 నుంచి ఏటా కాలేజీ కుర్రాళ్లను పిలిచి బరువు తూచి, చేతుల పొడవు కొలిచి, దూకించి, పరిగెత్తిస్తారు. అందులో అందరి కళ్లూ నలభై గజాల పరుగు మీదే. పంట్‌గా, అంటే కాలితో దూరంగా తన్నిన బంతి వెనక పరిగెత్తే దూరాన్ని బట్టి ఆ నలభై పుట్టిందంటారు. పాస్ రషర్ నలభై గజాలు తిన్నగా పరిగెత్తడం చాలా అరుదు. మొదటి మూడడుగుల్లో పేలినట్టు లేవాలి, అవతలివాడి చేతుల్ని తన చేతులతో కొట్టి తప్పించాలి, ఆపైన భుజం నేలకు వంచి, వేగం తగ్గకుండా మూల తిరగాలి. కంబైన్‌లోనే తొలి పది గజాల సమయం, మూడు శంకువుల చుట్టూ తిరిగే పరుగు ఈ పనికి కొంత దగ్గర. చేతుల పోరాటానికైతే గడియారమే లేదు.

1995లో బోస్టన్ కాలేజీకి చెందిన మైక్ మములా ఈ పరీక్షలకే ప్రత్యేకంగా సాధన చేసి వచ్చి అందర్నీ అబ్బురపరిచాడు. ఈగల్స్ జట్టు తన పన్నెండో స్థానంతో పాటు రెండు రెండో రౌండు ఎంపికలు ఇచ్చి ఏడో స్థానానికి ఎగబాకి మరీ అతన్ని తీసుకుంది. మములా చెడ్డ ఆటగాడు కాడు. ఐదు సీజన్లలో 31.5 శాకులు చేశాడు. కానీ ఆ పన్నెండో స్థానంలో టాంపా బే తీసుకున్న వారెన్ సాప్ హాల్ ఆఫ్ ఫేమ్‌కు చేరాడు. సాప్ అంత కిందికి జారడానికి ఆటకు బయటి కారణాలూ ఉన్నాయి, నిజమే. 2008లో జెట్స్ ఆరో ఎంపికగా తీసుకున్న వెర్నన్ ఘోల్‌స్టన్ కథకు మాత్రం అలాంటి సాకు లేదు. శిల్పంలాంటి దేహం, మెరుపులాంటి పరుగు, మూడు సీజన్లు. శాకులు సున్నా.

రెండు వైఫల్యాలు ఏరి చూపి కొలతల్ని తోసిపుచ్చడం న్యాయమా అని ఎవరైనా అడగవచ్చు. సరైన ప్రశ్నే. 2006లో టెక్సన్స్ జట్టు అభిమానులు కోరిన రెజీ బుష్‌ను కాదని మారియో విలియమ్స్‌ను మొదటి ఎంపికగా తీసుకున్నప్పుడు జనం మండిపడ్డారు. అతని కొలతలు అసాధారణం, చివరికి 97.5 శాకులతో అతనే జట్టు మాట నిలబెట్టాడు. తొలి రౌండులో వెళ్లినవారు సగటున తర్వాతివారి కన్నా బాగా ఆడతారన్నదీ వాస్తవమే. అయితే విలియమ్స్ కాలేజీ చివరి సీజన్లో 14.5 శాకులు చేసినవాడని మరవకూడదు. ఆట, అంకె ఒకే మాట చెప్పినచోట తగువే లేదు. రెండూ చెరో మాట చెప్పినప్పుడు దేన్ని నమ్మాలన్నదే ప్రశ్న. ఈ పనికి ఎవరు అసలు సరిపోరో కొలత చెప్పగలదు. సరిపోయేవారిలో ఎవరు నెగ్గుతారో చెప్పలేదు.

ఇంకో అభ్యంతరం దీనికన్నా బరువైనది: కన్ను కూడా మోసపోతుంది కదా, కాలేజీ శాకులు బలహీనులపై చేసినవి కావచ్చు కదా? కావచ్చు. ఘోల్‌స్టన్ కూడా ఒహాయో స్టేట్‌లో చివరి సీజన్లో 14 శాకులు చేశాడు. అందుకే శాకుల మొత్తాన్ని కూడా ఇంకో నలభై గజాల పరుగులా వాడకూడదంటాను. ఎవరి మీద చేశాడు, తొలి ఎత్తు పారనప్పుడు రెండోది ఉందా, ఆట చివరి పావులో కాళ్లలో సత్తువ మిగిలిందా అని ఒక్కో ఆట వేసి చూసి, ఖురేషీ కోరినట్టు అందరికీ ఒకే అర్థం ఇచ్చే మాటల్లో రాసుకోవాలి. అలా చూసినవారికి ఎల్విస్ డ్యూమర్‌విల్ పొట్టివాడిగా కాక, పొడగరుల భుజాల కింద నుంచి దూరిపోయేవాడిగా కనిపించి ఉండాలి. లూయిస్‌విల్‌లో 2005లో 20 శాకులు చేసినా, ఆరడుగులు లేడన్న కారణంగా అతన్ని నాలుగో రౌండు దాకా ఎవరూ తీసుకోలేదు. 2009లో 17 శాకులతో లీగ్ మొత్తానికీ మొదట నిలిచాడు.

టెరెల్ సగ్స్ సంగతీ అంతే. కాలేజీ ఆటలో శాకుల లెక్క అధికారికమై అప్పటికి రెండేళ్లు, అరిజోనా స్టేట్‌కు ఆడుతూ 2002లో 24 శాకులతో అతను రికార్డు నెలకొల్పాడు. డ్రాఫ్ట్ ముందు నలభై గజాలు పరిగెత్తడానికి 4.8 సెకన్ల పైనే పట్టింది. ఆ గడియారం చూసి చాలామంది వెనకాడారు. 2003లో పదో స్థానంలో రేవెన్స్ అతన్ని తీసుకుంది. పదిహేడు సీజన్లు ఆడి 139 శాకులు చేశాడు.