తనఖా రాయి

ఇలా దగ్గరగా జరిగి కూర్చోరా బుల్లోడా. ఆ ఫోను కాసేపు పక్కన పెట్టు, దానికేం కోపం రాదులే.

రంగం అంటే ఏమనుకున్నావు? నాటకాల రంగం కాదు, బర్మాలోని రంగూన్. మా తాతల కాలంలో శ్రీకాకుళం, విశాఖ పల్లెల్లో కూలి గిట్టనివాడల్లా స్టీమరెక్కి రంగం పోయేవాడు. కాకినాడ దగ్గర కోరంగి రేవు ఉండేది చూడు, దాని పేరు మీదే అక్కడ మనవాళ్లని కొరంగీలనేవారు. ఆ రేవు కథ ఎత్తుకుంటే తెల్లారిపోతుంది, ఇంకోనాడు చెబుతాలే.

1962లో బర్మాలో సైన్యం గద్దెనెక్కింది. రెండేళ్లకి కొట్లన్నీ సర్కారు పరమయ్యాయి. పొట్ట చేత పట్టుకుని పోయిన మనవాళ్లు మళ్లీ ఓడలెక్కి విశాఖ రేవులో దిగారు. కంచరపాలెంలో బర్మా క్యాంపు అంటామే, ఆ పేరు వీళ్ల వల్లే. మా పక్కవాటాలోకి అలాగే ఒకాయన బర్మా పెళ్లాంతో వచ్చాడు. ఆమెని మేం రంగమత్త అనేవాళ్లం. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు గానీ, పాపం ఆమెకి మన మాట ఒక్కటీ రాదు.

మా నాయనమ్మ సంగతి నీకు తెలీదు. నయాపైసలొచ్చి ఏడేళ్లయినా అణాలూ బేడల్లోనే లెక్క. వంకాయల బుట్ట దింపించిందంటే అణా తగ్గించేదాకా ఎత్తనిచ్చేది కాదు. ఒకనాడు రంగమత్త గుండ్రటి రాయి, చిన్న కర్రముక్క పట్టుకొచ్చి, బుగ్గలు చూపిస్తూ "తనఖా, తనఖా" అంది. నాయనమ్మ గుండె నీరైపోయింది. "రాయి తాకట్టెట్టుకునే గతి పట్టిందేటే తల్లీ!" అంటూ రాయి ముట్టకుండానే చేటెడు బియ్యం తెచ్చి ఆమె ఒళ్లో పోసింది. రూపాయి లెక్క అడగలేదు!

సాయంత్రం మొగుడొచ్చి నవ్వుతూ చెప్పాడు, తనఖా అంటే వాళ్ల దేశంలో మొహానికి రాసుకునే చెట్టుబెరడు గంధమని. నగానట్రా అక్కడే వదిలేసి రావలసి వచ్చిందట, ఈ రాయి మాత్రం మూటలో దాచుకుని తెచ్చుకుంది. నాయనమ్మ ఆ రాయిని తిప్పి చూసింది. నీళ్లు జారడానికి చుట్టూ గాడి, నడుమ అరిగిన నున్నదనం. "ఓసినీ, ఇది మన సానే కదే!" అంది. బియ్యం మాత్రం వెనక్కి పుచ్చుకోలేదు.

బర్మావాళ్లు కనబడగానే అడిగేది "థమిన్ సా పీ బీ లా?" అని. అన్నం తిన్నావా అనేరా! మన పలకరింపూ అదే కదా. నెల తిరిగేసరికి గోడకి అటునుంచి "బువ్వ తిన్నావేటమ్మా" అని రంగమత్త, ఇటునుంచి ఆ బర్మా మాట తడబడుతూ మా నాయనమ్మ.

రంగమత్త తెచ్చుకున్న చెక్క అరిగిపోయాక మా ఇంటి గంధపు చెక్కే అరగదీసుకునేది. వాళ్లు ఇల్లు మారేనాడు ఇద్దరూ సానలు మార్చుకున్నారు. మొన్న సత్యనారాయణ వ్రతానికి మీ అమ్మ గంధం తీసింది చూడు, చుట్టూ గాడి ఉన్న రాయి... వెళ్లి తీసుకురా, జాగ్రత్త, బరువు.