ఒక్కడే, ముగ్గుర్ని

అక్టోబరు 10 వస్తోందంటే బేస్‌బాల్ చరిత్ర ఇష్టపడేవాళ్లకు బిల్ వాంబ్స్‌గన్స్ గుర్తొస్తాడు. నాకైతే తేదీతో పని లేకుండానే గుర్తొస్తాడు.

1894లో క్లీవ్‌లాండ్‌లో పుట్టాడు. తండ్రి లూథరన్ పాస్టరు. కొడుకూ దైవశాస్త్రంలో చేరాడు గానీ నత్తి వల్ల ప్రసంగాలంటే హడల్. 1914లో క్లీవ్‌లాండ్ జట్టులో చేరాడు. అంత పొడుగు పేరు పత్రికల స్కోరు పట్టికలో పట్టక 'వాంబీ' అయ్యాడు.

1920 ఆగస్టులో అతని పక్కన షార్ట్‌స్టాప్‌గా ఆడే రే చాప్‌మన్ తలకు బంతి తగిలి మర్నాడే చనిపోయాడు. ఆ దుఃఖంతోనే జట్టు వరల్డ్ సిరీస్‌కి చేరింది. బ్రూక్లిన్‌తో చెరో రెండు గెలిచి, అక్టోబరు 10న అయిదో మ్యాచ్.

ఆ రోజు మైదానానికి ఏదో పూనింది. ఎల్మర్ స్మిత్ సిరీస్ చరిత్రలో తొలి గ్రాండ్ స్లామ్ కొట్టాడు. పిచర్ జిమ్ బ్యాగ్బీ హోమ్‌రన్ కొట్టాడు, సిరీస్‌లో ఒక పిచర్ కొట్టిన మొదటిది అదే. ఇవన్నీ రెండో వరుసకు పోయాయి. అయిదో ఇన్నింగ్స్‌లో రెండో బేస్‌పై కిల్డఫ్, మొదటి బేస్‌పై మిల్లర్, బ్యాట్ పట్టింది క్లారెన్స్ మిచెల్. ఎడమచేతివాడని వాంబీ బాగా వెనక్కి జరిగి నిలుచున్నాడు. బంతి దూసుకొచ్చింది. ఎగిరి పట్టాడు: ఒకటి. కిల్డఫ్ అప్పటికే మూడో బేస్ వైపు పరుగెడుతున్నాడు. వాంబీ రెండో బేస్ తొక్కాడు: రెండు. ఇటు తిరిగేసరికి మిల్లర్ ఎదురుగా కొయ్యబారి నిలబడి ఉన్నాడు. వెళ్లి బంతితో తాకాడు: మూడు. అదృష్టం అన్నవాళ్లున్నారు. నేనొప్పుకోను, ఆ ఎగురు అదృష్టం ఎగరలేదు. పాపం మిచెల్, తర్వాతి సారి కొట్టి డబుల్ ప్లేలో ఇద్దర్ని పోగొట్టాడు. రెండు దెబ్బలు, అయిదు అవుట్లు! క్లీవ్‌లాండ్ 8-1తో గెలిచింది, సిరీస్ కూడా దక్కించుకుంది.

తర్వాత బోస్టన్, ఫిలడెల్ఫియా, 1926లో సెలవు. 1940లలో ఫోర్ట్ వేన్ మహిళా జట్టుకు మేనేజరయ్యాడు. అది రాస్తే ఇంకో వ్యాసం. ఆ ఒక్క రోజు తప్ప తాను బతకలేదన్నట్టు జనం మాట్లాడతారని ముసలితనంలో నొచ్చుకునేవాడు. నేనూ ఆ జనంలోనే ఉన్నాను మరి. 1985లో పోయాడు.

2009లో ఫిలడెల్ఫియా రెండో బేస్‌మన్ ఎరిక్ బ్రంట్‌లెట్ ఇదే పని చేసి మ్యాచ్ ముగించాడు. అదే ఇన్నింగ్స్‌లో తన తప్పిదంతో ప్రత్యర్థిని బేస్ మీదికి చేర్చిందీ అతనే. కాకపోతే అది మామూలు లీగ్ మ్యాచ్. క్లీవ్‌లాండ్ జట్టేమో 2022 నుంచి గార్డియన్స్‌గా ఆడుతోంది, 1948లో గెలిచిన సిరీస్ మళ్లీ చేతికి రాలేదు.