సాంబ్రాణి నుంచి డిఫ్యూజర్ దాకా: మా నడిగడ్డ వాసనల చరిత్ర

ఈ ఎపిసోడ్ నా తలనొప్పితో మొదలవుతది.

హైదరాబాద్‌లో నాది నైట్ షిఫ్ట్ ఉద్యోగం. ముగ్గురం ఉండే రూమ్. పగలు నిద్ర పట్టదు, రాత్రి పనిలో మనసు నిలవదు. అందరిలాగే నేను కూడా రీల్స్ చూసి ఒక డిఫ్యూజర్, ఒక లావెండర్ నూనె సీసా తెప్పించిన. మూడు రోజులు పెట్టిన, మూడు రోజులూ తల పగిలింది. ఊరికి పోయినప్పుడు ఈ ముచ్చట చెప్తే మా అవ్వ పడీ పడీ నవ్వింది. "పైసలు పెట్టి వాసన కొనుక్కున్నవా? మనింట్ల సాంబ్రాణి లేదా బిడ్డా?" అన్నది.

మాది గట్టు. గద్వాల పక్క. కృష్ణకు, తుంగభద్రకు నడుమ ఉన్న నేల కాబట్టి మా దిక్కును నడిగడ్డ అంటారు. అవ్వ మాట పట్టుకుని నాకొక ప్రశ్న వచ్చింది. మంచి వాసనతో మనసు కుదుటపడుతుందన్న ఆలోచన మన దగ్గర ఎప్పటిది?

అరోమాథెరపీ అనే పేరు మాత్రం కొత్తదే. రెనె మోరిస్ గాట్‌ఫోసె అనే ఫ్రెంచ్ రసాయన శాస్త్రవేత్త 1937లో ఆ పేరుతో పుస్తకం వేశాడు. మన కథ అంతకు ఎనిమిది వందల ఏళ్ల ముందుది.

ఆలంపురం గుళ్లు చూసే ఉంటారు. చూడకపోతే ఈసారి గద్వాల బస్సు ఎక్కండి. అక్కడ కల్యాణి చాళుక్యుల శాసనాలు కనబడతాయి. ఆ వంశంలో పెద్ద పేరున్న రాజు ఆరో విక్రమాదిత్యుడు. ఆయన కొడుకు మూడో సోమేశ్వరుడు యుద్ధాల కంటే పుస్తకంతో ఎక్కువ గుర్తుండిపోయాడు. 1130 ప్రాంతంలో 'మానసోల్లాసం' అనే సంస్కృత గ్రంథం రాశాడు. పేరు చూడండి, మనసుకు ఉల్లాసం! వంద అధ్యాయాల్లో ఏనుగుల నుంచి వంటల దాకా అన్నీ ఉన్నాయి. రాజు అనుభవించాల్సిన భోగాలు ఇరవై అని లెక్కగట్టి, అందులో స్నానం, ఒంటికి గంధం పూసుకోవడం, పూలదండలు, ధూపం ఒక్కోదాన్ని విడిగా రాశాడు. ఎండాకాలం గంధం వేరు, చలికాలం గంధం వేరు. ఇవాళ వెల్‌నెస్ అని అమ్ముతున్నదంతా ఇందులో ఉన్నట్టే. కాకపోతే చదువుతుంటే నాకు ఒకటే అనిపించింది. ఆ గంధం ఎవరు అరగదీశారో, ఆ నిప్పుల మీద ఎవరు ఊదారో, వాళ్ల మనసు ఎట్లుండెనో ఆ పుస్తకంలో దొరకదు. అది రాజు రాసుకున్న పుస్తకం మరి.

ఈ సరుకంతా యాడి నుంచి వచ్చేది? దానికి జవాబు సముద్రం ఒడ్డున ఉంది. ఇప్పటి బాపట్ల జిల్లాలోని మోటుపల్లిలో కాకతీయ గణపతిదేవుడు 1244లో వేయించిన అభయ శాసనం అది. అంతకు ముందు తుఫానుకు ఓడ కొట్టుకొస్తే అందులోని సరుకంతా రాజుల పాలయ్యేది. గణపతిదేవుడు అది మానేసి, సుంకం మాత్రమే తీసుకుంటానని వ్యాపారులకు మాటిచ్చాడు. ఏ సరుకుకు ఎంత సుంకమో కూడా చెక్కించాడు. అందులో మంచిగంధం, మన కర్పూరం, చీనా కర్పూరం, పన్నీరు, పునుగు, కర్పూర తైలం ఉన్నాయి. రాతి మీద సుంకం చెక్కించేంత వ్యాపారం వాసనలది! మా నాగర్‌కర్నూల్ పక్కన నంది వడ్డెమాన్ నుంచి ఏలిన గోన వంశం వాళ్లు ఈ కాకతీయులకే సామంతులు.

తర్వాతి కాలం తొందరగా చెప్పేస్తా. 1443లో విజయనగరానికి వచ్చిన అబ్దుర్ రజాక్ అక్కడి జనానికి గులాబీలు తిండితో సమానమని రాసుకున్నాడు. మాకు దగ్గరి రాయచూరు కోట కోసం 1520లో విజయనగరం, బీజాపూర్ కొట్టుకున్నాయి. అదే బీజాపూర్‌లో రెండో ఇబ్రహీం ఆదిల్‌షా కాలంలో అత్తర్ల తయారీ మీద 'ఇత్ర్-ఎ-నౌరస్ షాహీ' అనే పుస్తకం వచ్చింది. హైదరాబాద్‌లో చార్మినార్ దగ్గర అత్తరు దుకాణాల ముందు నిలబడి ముంజేతి మీద చుక్క రాయించుకున్నప్పుడు ఆ దక్కన్ అలవాటే గుర్తుకు రావాలి.

ఇంతకీ ఇది నిజంగా పనిచేస్తదా? అవ్వ సాంబ్రాణి గొప్పదని కళ్లు మూసుకుని చెప్పను. 2008లో ఒక పరిశోధన వచ్చింది. సాంబ్రాణి జాతి చెట్ల జిగురులో ఉండే ఇన్సెన్సోల్ అసిటేట్ అనే పదార్థం ఇస్తే ఎలుకల్లో బెరుకు తగ్గింది. మన నల్లమలలో కనబడే అందుగు చెట్టు కూడా ఆ జాతిదే. కానీ ఎలుక ఎలుకే, మనం మనమే. పైగా మూసిన గదిలో ఏ పొగైనా ఊపిరితిత్తులకు మంచిది కాదు, అగరబత్తి పొగైనా సరే. ఆస్తమా ఉన్నోళ్లు, చంటిపిల్లలున్నోళ్లు కిటికీ తెరవకుండా వేయొద్దు.

గట్టిగా తెలిసిన సంగతి ఒకటుంది. మిగతా ఇంద్రియాల కబురు మెదడులో ఒక స్టేషన్ దాటుకుని పోతది. వాసన మాత్రం దాదాపు నేరుగా భావాలు, జ్ఞాపకాలు ఉండే చోటికి చేరుతది. అందుకే వాసనతో పాటు పాత రోజు కూడా వచ్చేస్తది. లావెండర్‌తో నాకు పాత రోజంటూ ఏదీ లేదు. అందుకే పనిచేయలేదో, లేక ఆ సీసాలో ఉన్నది అసలు లావెండరే కాదో!

నాకు పనిచేసే వాసన మొదటి వానది. ఎండి పగిలిన ఎర్రచెల్క మీద చినుకు పడగానే వచ్చే వాసన. ఇసబెల్ బేర్, రిచర్డ్ థామస్ అనే ఇద్దరు ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు 1964లో దానికి 'పెట్రికోర్' అని పేరు పెట్టారు. ఎండాకాలమంతా మొక్కల నుంచి వచ్చే నూనెలను మట్టి, రాళ్లు పీల్చుకుని, వాన పడగానే వదులుతాయని చెప్పారు. మట్టిలోని సూక్ష్మజీవులు తయారుచేసే జియోస్మిన్ అనే పదార్థం కూడా అందులో కలుస్తది. అది లక్ష కోట్ల వంతుల్లో కొన్ని వంతులున్నా మన ముక్కు పట్టేస్తది. ఆ శాస్త్రవేత్తల కంటే ముందే ఉత్తరప్రదేశ్‌లోని కన్నౌజ్‌లో ఈ వాసనను సీసాకెక్కించారు. కాల్చిన మట్టి బిళ్లలను రాగి డేగిసాలో ఉడికించి, ఆ ఆవిరిని గంధం నూనెలోకి పంపిస్తారు. అదే మిట్టీ అత్తర్. కన్నౌజ్ వాళ్ల సంగతి ఆ ఇద్దరు తమ వ్యాసంలో కూడా రాశారు.

చిన్న సీసా కొన్న. షిఫ్ట్‌కు కూర్చునే ముందు రుమాలు మీద ఒక్క చుక్క. తల నొప్పి లేదు, మనసు కొంచెం ఊరికి పోయొస్తది.

మొన్న ఊరికి పోయినప్పుడు ఆ సీసా మా అమ్మకు చూపించిన. మా అమ్మ పత్తి విత్తనాల చేన్లో క్రాసింగ్ పని చేసి నన్ను చదివించింది. మా దిక్కు అందరికీ తెలిసిన పనే. సాయంత్రం మొగ్గలు ఒలిచి, పొద్దున వేరే పువ్వు తెచ్చి రుద్దాలి. చిన్నప్పుడు ఆమె ఇంటికొస్తే పూల వాసన కాదు, మందు వాసన వచ్చేది. అవ్వ ఆమెను వాకిట్లనే ఆపి, వేపాకు వేసిన వేడినీళ్లు పోసేది. తర్వాత కుంపటిలో నిప్పుల మీద సాంబ్రాణి వేసి తలారబెట్టేది. ఆ తర్వాతే మేము అమ్మ ఒళ్లో కూర్చునేటోళ్లం. అవ్వ సాంబ్రాణి ఎందుకో నాకు అప్పుడు తెలియదు.

అమ్మ సీసా మూత తీసి వాసన చూసింది. చాలాసేపు ఏమీ అనలేదు.

"మంచిగుందా?" అని అడిగిన.

"మంచిగనే ఉంది," అన్నది. "కానీ ఈ వాసనొస్తే నాకు విత్తనాల అప్పు యాదికొస్తది బిడ్డా. నువ్వే పెట్టుకో."