ఒరాకిల్ డేటాబేస్‌లో సెషన్లు, బ్యాక్‌గ్రౌండ్ ప్రాసెస్‌లు

ఒరాకిల్ డేటాబేస్‌లోకి యూజర్ లాగిన్ అయినప్పటి నుంచి బయటికి వచ్చేదాకా ఉండేది సెషన్. ఒకే యూజర్ పేరుతో ఒకేసారి అనేక సెషన్లు నడవవచ్చు. సెషన్ పంపిన క్వెరీని అమలు చేసేది సర్వర్ ప్రాసెస్. డెడికేటెడ్ పద్ధతిలో ఒక్కో సెషన్‌కు ఒక్కో సర్వర్ ప్రాసెస్ ఉంటుంది. షేర్డ్ పద్ధతిలో కొన్ని ప్రాసెస్‌లే అందరి పనీ చూస్తాయి.

యూజర్లు ఉన్నా లేకున్నా ఇన్‌స్టాన్స్ (డేటాబేస్‌ను నడిపే మెమరీ, ప్రాసెస్‌ల సముదాయం) లేచింది మొదలు పనిలో ఉండేవి బ్యాక్‌గ్రౌండ్ ప్రాసెస్‌లు. వీటిలో ముందు చెప్పుకోవలసింది లాగ్ రైటర్. కమిట్ చేయగానే మారిన డేటా డిస్క్ మీదికి చేరిందని చాలామంది అనుకుంటారు. నిజానికి అప్పుడు డిస్క్‌కు చేరేది రీడూ సమాచారం, అంటే మార్పుల చిట్టా మాత్రమే. లాగ్ రైటర్ దాన్ని రాసేవరకు సెషన్ సాధారణంగా ఆగి ఉంటుంది. కమిట్ లేకపోయినా 3 సెకన్లకోసారి, లేదా రీడూ బఫర్ మూడోవంతు నిండినా అది రాస్తుంది. మారిన డేటా బ్లాకులను డేటాబేస్ రైటర్ తీరిగ్గా తర్వాత రాస్తుంది. తెగిపోయిన సెషన్లు వదిలేసిన లాకులను విడిపించడం పీమాన్ (ప్రాసెస్ మానిటర్) పని.

యూజర్ సెషన్లు, బ్యాక్‌గ్రౌండ్ ప్రాసెస్‌లు రెండూ వీ$సెషన్ వ్యూలో ఒకేచోట కనిపిస్తాయి. టైప్ కాలమ్‌లో యూజర్, బ్యాక్‌గ్రౌండ్ అన్న తేడా తెలుస్తుంది. స్టేటస్ కాలమ్‌ను మాత్రం తొందరపడి నమ్మకూడదు. అప్‌డేట్ చేసి కమిట్ చేయకుండా వదిలేసిన సెషన్ ‘ఇనాక్టివ్’గా ఉంటుంది, కానీ లాకు దాని చేతిలోనే ఉంటుంది. ఆ లాకు కోసం పడిగాపులు పడుతున్న సెషనేమో ‘యాక్టివ్’ అని కనిపిస్తుంది! అసలు అడ్డు ఎవరో బ్లాకింగ్ సెషన్ కాలమ్ చెబుతుంది.

సెషన్‌ను ఆపాలంటే దాని గుర్తింపు సంఖ్య అయిన ఎస్‌ఐడీతోపాటు సీరియల్ నంబరూ ఇవ్వాలి, ఎందుకంటే ముగిసిన సెషన్ ఎస్‌ఐడీ మరో సెషన్‌కు దక్కుతుంది. ఆపాక దాని అసంపూర్తి మార్పులు రోల్‌బ్యాక్ అవుతాయి. పెద్ద లావాదేవీ అయితే దీనికి చాలాసేపు పట్టవచ్చు.

ఆపరేటింగ్ సిస్టమ్ స్థాయిలో ప్రాసెస్‌ను చంపేటప్పుడు, అది ఎవరిదో వీ$ప్రాసెస్‌లో సరిచూసుకోవడం తప్పనిసరి. పొరపాటున లాగ్ రైటర్‌ను చంపితే ఇన్‌స్టాన్స్ మొత్తం కూలిపోతుంది. మళ్లీ లేపినప్పుడు రీడూ లాగ్ ఆధారంగా రికవరీ నడిపించే బాధ్యత ఎస్‌మాన్ (సిస్టమ్ మానిటర్) అనే బ్యాక్‌గ్రౌండ్ ప్రాసెస్‌ది: కమిట్ అయినవి నిలుస్తాయి, కానివి వెనక్కి పోతాయి.